డెస్కుటాపు లినక్సునందు అవాంఛిత డిపెండెన్సీలు

లినక్సు కెర్నెలు ఆధారముగా వెలువడు డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా మొదలగు డెస్కుటాపు వ్యవస్థలలో ఏ సాఫ్టువేరును ఒంటరిగా రాదు. ప్రతి ప్యాకేజియు తాను పనిచేయుటకు ఏయే ఇతర ప్యాకేజీలు ఉండవలెనో వాని పేర్లను, వలసినచో వెర్షను సంఖ్యలను, తనతోపాటే వ్రాసికొని వచ్చును; ఈ సంబంధమునకు డిపెండెన్సీ యని పేరు. వాడుకరి కోరినది ఒకటియై, అప్‌డేటు వేళ దానితోపాటు అతడు కోరనివి, ఎన్నడును తెరవనివి, ఒక్కొక్కప్పుడు తెలిసి తెలిసి వలదనుకొన్నవి సైతము యంత్రమునకు చేరినచో, వానిని అవాంఛిత డిపెండెన్సీలని వ్యవహరింతురు. తెలుగునాట కళాశాలలలోను, స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమమునందును ఎక్కువగా వాడుకలోనున్నది డెబియన్ కుటుంబమే గనుక ఈ వ్యాసము ప్రధానముగ దానినే అనుసరించును.

డిపెండెన్సీ స్వతహాగా దోషము కాదు. అక్షరములను తెరపై చిత్రించుట, ఫైళ్ళను కుదించుట, నెట్టుపై రహస్యముగ మాటలాడుట వంటి పనులు వందలాది ప్రోగ్రాములకు సమానమగుటచే, ఆ పనులు చేయు లైబ్రరీలను యంత్రమున ఒక్కచోటనే ఉంచి అందఱును వాడుకొనునట్లు చేయుట యూనిక్సు సంప్రదాయము. లైబ్రరీలో దోషము బయటపడినప్పుడు ఆ ఒక్క ప్యాకేజిని సరిచేసినచో దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నియు ఏకకాలమున బాగుపడును. ప్రతి ప్రోగ్రామును తన ప్రతిని తాను మోసికొని తిరిగినచో డిస్కు నిండుటయే గాక, ఎవరి ప్రతి ఎప్పుడు సరిచేయబడినదో చెప్పగలవాడును ఉండడు. కావున కోరని ప్యాకేజీలపై ఫిర్యాదును డిపెండెన్సీపై ఫిర్యాదుగ గ్రహింపరాదు. ఫిర్యాదంతయు ఆ సంబంధము ఎంత గట్టిదని ఎవరు నిర్ణయించిరన్న దానిపైననే.

డెబియన్ నియమావళి ఈ గట్టితనమును ప్రధానముగ మూడు మెట్లుగ విభజించినది. డిపెండ్స్ అనునది లేనిదే ప్యాకేజి పనిచేయదు. రికమెండ్స్ అనునది, అసాధారణమైన సందర్భములందు తప్ప ప్యాకేజితో కలిసియే ఉండదగినది. సజెస్ట్స్ అనునది ఉన్న మేలు, లేకున్న కొఱత లేదు. మొదటిదానిపైనను మూడవదానిపైనను వివాదము తక్కువ. అవాంఛిత డిపెండెన్సీల కథలో పెద్దభాగము నడిమి మెట్టుపైననే నడచినది. ఏలయన ఏది సాధారణ సందర్భము, ఏది అసాధారణమన్నది నిర్ణయించువాడు ప్యాకేజిని తయారుచేయు నిర్వాహకుడు, ఆ నిర్ణయఫలము అనుభవించువాడు ఎక్కడనో ఉన్న వాడుకరి.

చరిత్రను చూచినచో ఈ చిక్కు క్రమముగ పెరిగినట్లు తెలియును. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ డెబియన్‌ను ప్రకటించినాడు. దాని డీపీకేజీ సాధనము డిపెండెన్సీ లేనిచో అభ్యంతరము చెప్పగలదేగాని, ఆ లేనిదానిని తానే వెదకి తేలేదు. రెడ్ హ్యాట్ వారి ఆర్పీఎం సైతము తొలుత అట్టిదే. వాడుకరి ఒక లైబ్రరీ కొఱకు పోయి, అది మఱియొకటి అడుగగా దానికొఱకు పోయి, తుదకు మొదట కోరినదేదో మఱచు స్థితిని డిపెండెన్సీ నరకమని వాడుకరులే పేరు పెట్టిరి. 1999 మార్చిలో వెలువడిన డెబియన్ 2.1తో ఆప్ట్ సాధనము ప్రవేశించి ఈ నరకమును తొలగించెను. ఇక కావలసినవన్నియు తానే లెక్కగట్టి తెచ్చును. కాని దేనినైనను వెదకి తేగల సేవకుడు దొరకినప్పుడు, తెమ్మని చెప్పుటకు సంకోచమును తగ్గును. 2008 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 8.10, 2009 ఫిబ్రవరిలో వెలువడిన డెబియన్ 5.0 మొదలుకొని ఆప్ట్ రికమెండ్స్ తరగతిని సైతము అడుగకయే స్థాపించుట ఆరంభించినది. ఆర్పీఎం పక్షమున ఇట్టి బలహీన డిపెండెన్సీలు 2014లో, 4.12 వెర్షనుతో వచ్చినవి. ప్యాకేజీల సంఖ్యయు ఊరకుండలేదు: 2023 జూనులో వెలువడిన డెబియన్ 12లో 64,419 ప్యాకేజీలు కలవు. ఇన్నింటి నడుమ పరస్పర విరోధము లేని కూర్పును కనుగొనుట గణితశాస్త్ర దృష్ట్యా ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి, అనగా సంఖ్య పెరిగినకొలది పరిష్కారము మిక్కిలి కష్టమగు తరగతికి, చెందిన సమస్య యని ఐరోపాలో నడచిన ఈడాస్ పరిశోధన నిరూపించినది. అప్‌డేటు వేళ ఆప్ట్ చూపు ప్రణాళిక విచిత్రముగ తోచుటకు ఇదియు నొక కారణము.

ఈ సమస్య నిత్యవ్యవహారమున ఎట్లు తగులునో చూచుటకు రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము మంచి తావు. హైదరాబాదు నుండి నాగార్జునసాగరు పోవు రహదారిపై, కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు నానుకొనియున్న ఈ పట్టణపు చుట్టుపట్ల, సి.వి.ఆర్., గురునానక్, భారత్ మొదలగు ఇంజినీరింగు కళాశాలలు ఈ శతాబ్ది ఆరంభమునుండి వెలసినవి. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు పాఠ్యప్రణాళికలో మొదటి సంవత్సరపు ఐటీ వర్క్‌షాపు ల్యాబునందు చిరకాలముగ ఒక అభ్యాసము కలదు: విండోసు ఉన్న కంప్యూటరుపైననే లినక్సును స్థాపించి, రెండింటిలో దేనినైనను ఎంచుకొని తెరచునట్లు డ్యూయల్ బూట్ ఏర్పఱచవలెను. పల్లెనుండి వచ్చి అంతకుముందు లినక్సు పేరైనను విననివాడు ఆ ల్యాబులో పెన్‌డ్రైవుతో మొట్టమొదటి పరిచయము చేసికొనును. స్థాపన సాధారణముగ సుఖముగనే ముగియును. చిక్కు మొదటి అప్‌డేటుతో వచ్చును. హాస్టలు గదిలో, ఫోను హాట్‌స్పాటుపై, రోజుకు 2 జీబీ అని కొలిచి యిచ్చు డేటాతో ల్యాప్‌టాపును అప్‌డేటు చేయబూనినవానికి ఆప్ట్ ఒక పెద్ద జాబితాను చూపును. క్రొత్తగ స్థాపింపబడనున్న ప్యాకేజీలివి, ఇన్ని ఎంబీలు దింపవలెను, డిస్కులో ఇంత స్థలము పట్టును, కొనసాగవలెనా యని అడుగును. ఆ పేర్లలో తనకు తెలిసినది ఒకటియైనను లేకున్నను అతడు వై అను మీటనే నొక్కును. నొక్కక చేయగలిగినది ఏమున్నదో అతనికి ఎవరును చెప్పియుండరు.

ఆ జాబితాలోని పేర్లను కొంత దగ్గఱగ పరిశీలింపవచ్చును. లిబ్రెఆఫీసు సంపూర్ణ కూర్పును కోరినవాడు దానిలోని డేటాబేసు భాగము కొఱకు జావాను సైతము పొందును; జాబు వ్రాయుటకే ఆఫీసు తెచ్చుకొన్నవానికి దానితో పనిలేదు. ఒకానొక కాలపు డెబియన్ లైవ్ ప్రతిని (స్థాపింపకయే పెన్‌డ్రైవునుండి నడపదగిన కూర్పును) స్థాపించినవారి మెనూలో థాయి లిపి కొఱకు ప్రత్యేకించిన టెర్మినలు, జపాను భాషను టైపు చేయు మోజ్క్, ఆంథీ సాధనములు, యూదుల పంచాంగము చూపు చిన్న ప్రోగ్రాము ప్రత్యక్షమగుచుండెడివి. ఇది ఎవరి పరిహాసమును కాదు. లైవ్ ప్రతిని తయారుచేయువానికి దానిని తెరచువాని భాష యేదో తెలియదు గనుక అన్ని భాషల టాస్కులను, అనగా ఒక్కొక్క భాషకు వలసిన ప్యాకేజీల కట్టలను, అందులో చేర్చిరి. స్థాపనవేళ లైవ్ ప్రతి ఉన్నదున్నట్లు డిస్కునకు ఎక్కును గనుక అవన్నియు అట్లే నిలిచిపోయెను.

ఇచ్చట తెలుగువాడు ఒక్క క్షణము ఆగి యోచింపవలసియున్నది. మనకు థాయి టెర్మినలు ఎట్టిదో, జర్మనీలోని వాడుకరికి తెలుగు ఫాంట్లు అట్టివే. డెబియనులో ఫాంట్స్-ఇండిక్ అను ప్యాకేజి కలదు. దానిలో అక్షరమొక్కటియు లేదు, భారతీయ లిపులన్నింటి ఫాంటు ప్యాకేజీలను పేర్కొను డిపెండెన్సీల పట్టిక మాత్రమే కలదు. ఆ పట్టికనుండి ఫాంట్స్-తెలు, దానినుండి రెడ్ హ్యాట్ వారి లోహిత్ తెలుగును, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లును వచ్చును. ఐబస్, ఎం17ఎన్ అను సాధనములతో ఇన్‌స్క్రిప్టు, ఆర్టీఎస్, పోతన మొదలగు తెలుగు కీబోర్డు పద్ధతులు లభించును. వీనిలో దేనిని ఏ తెలుగు విద్యార్థియు పేరుపెట్టి కోరియుండడు. ఎవడో ఒక నిర్వాహకుడు వీనిని డిపెండెన్సీగ వ్రాసినందుననే బ్రౌజరు తెరచిన మొదటి నిముషమున తెలుగు అక్షరములు గడులుగ గాక అక్షరములుగ కనబడినవి. డెబియన్ స్థాపనను తెలుగున నడపుటకు గ్రాఫికల్ పద్ధతి మాత్రమే ఆధారమైనదియు ఇట్టి కారణముచేతనే. సంయుక్తాక్షరములను చిత్రింపగల లైబ్రరీలు లేని వట్టి టెక్స్టు తెరపై మన లిపి నిలువదు. డెబియన్ పరిభాషలో చెప్పవలెనన్న, ప్రపంచపు లెక్కలో అసాధారణ సందర్భము మనమే.

తెలుగులో కంప్యూటరును నడపవలెనను సంకల్పము ఇచ్చట క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘముగ ఆరంభమై తరువాత స్వేచ్ఛ యని పేరు మార్చుకొన్న హైదరాబాదు సంస్థ 2005లో అదే పేరుతో తెలుగు ఆపరేటింగు సిస్టమును వెలువరించినది. పాఠశాలల పిల్లలకై బాలస్వేచ్ఛ యను కూర్పును తయారుచేసినది. ఇంజినీరింగు కళాశాలలలో లినక్సు వాడుకరుల బృందములను పోషించుచున్నది. సి-డాక్ సంస్థ 2007లో డెబియన్ ఆధారముగ వెలువరించిన బాస్ లినక్సులోను తెలుగు కలదు. ఇట్టి ప్రాంతీయ కూర్పులు చేయు పనిలో ముఖ్యాంశము, సూక్ష్మముగ చూచినచో, సాధారణ సందర్భమన్నదానిని తిరుగవ్రాయుటయే: మూలవ్యవస్థ ఐచ్ఛికముగ విడిచిన తెలుగు ప్యాకేజీలను అనివార్యములుగ చేయుట, అచ్చట అనివార్యములై కూర్చున్న పరభాషా భారమును దింపుట.

పశ్చిమదేశములందు ఈ వివాదము స్థలముపైనను డేటాపైనను గాక సిద్ధాంతముపై ఎక్కువగ నడచెను. 2009లో డెబియనులోని గ్నోమ్ డెస్కుటాపు మెటాప్యాకేజి (డిపెండెన్సీల పట్టిక మాత్రమే గల ప్యాకేజి), నోట్సు వ్రాసికొను టాంబాయ్ అను చిన్న ప్రోగ్రామును డిపెండెన్సీగ చేర్చుకొన్నది. టాంబాయ్ మోనో అను వేదికపై నడచును; మోనో మైక్రోసాఫ్టు వారి సీషార్ప్ భాషకు అనుసరణము. నాలుగు పంక్తుల నోట్సు కొఱకు పేటెంట్ల భయముతో కూడిన వేదిక యేలయని స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమనాయకుడు రిచర్డ్ స్టాల్‌మన్ మొదలగువారు ఆక్షేపించిరి; ఒక ప్రోగ్రామరు ఆ టాంబాయ్‌నే మోనో లేకుండ తిరుగవ్రాసి గ్నోట్ అని పేరిడియుండెను. 2012 ఏప్రిల్ నాటి ఉబుంటు 12.04 సీడీలో మోనోకు చోటు లేకపోయెను. అదే సంవత్సరమున డెబియన్ సాంకేతిక సమితి యెదుట మఱియొక తగవు వచ్చినది: గ్నోమ్ కోరువారందఱికిని నెట్‌వర్క్ మేనేజరును డిపెండ్స్‌గ అంటగట్టవచ్చునా? సమితి దానిని రికమెండ్స్ మెట్టునకు దింపవలెనని తీర్పుచెప్పెను. ఒక్క డిపెండెన్సీ గట్టితనముపై ఇంత విచారణ జరుగుట బయటివారికి వింతగ తోచవచ్చును గాని, నా దృష్టిలో డెబియన్ గౌరవమంతయు ఇట్టి విచారణలలోనే కలదు.

సిస్టమ్‌డీ వివాదము వీనికన్న లోతైనది. 2014 ఫిబ్రవరిలో సాంకేతిక సమితి అధ్యక్షుని నిర్ణాయక ఓటుతో, యంత్రము తెరచినప్పుడు సేవలను ఆరంభించి నడపు ఆరంభవ్యవస్థగ సిస్టమ్‌డీని ఎన్నుకొన్నది. మఱు సంవత్సరము డెబియన్ 7 నుండి 8కి అప్‌గ్రేడు చేసినవారి యంత్రములలో ఆరంభవ్యవస్థయే మాఱిపోయెను. అట్లు మాఱుట యిష్టములేనివారు వేఱుపడి డెవువాన్ అను కూర్పును స్థాపించి, 2017 మేలో తమ మొదటి వెర్షనును వెలువరించిరి. అప్‌డేటు ద్వారమున వచ్చిన డిపెండెన్సీ ఒక సమాజమును రెండుగ చీల్చినదనుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము లేదు.

ఇంతవఱకు చెప్పినవన్నియు కనబడు డిపెండెన్సీలు. ఉబుంటు 20.04లో క్రోమియం బ్రౌజరు విషయమున జరిగినది వేఱుజాతిది. ఆప్ట్ ద్వారా క్రోమియంను కోరినవానికి వచ్చునది బ్రౌజరు కాదు. లోపల సారములేని ఒక పరివర్తన ప్యాకేజి వచ్చి, స్నాప్‌డీ అను వేఱొక వ్యవస్థను స్థాపించి, ఉబుంటును వెలువరించు కానానికల్ సంస్థ నడపు స్నాపు దుకాణమునుండి బ్రౌజరును తెప్పించును. 2022 ఏప్రిల్ నాటి 22.04లో ఫైర్‌ఫాక్సు సైతము ఆ త్రోవనే పట్టెను. కానానికల్ చెప్పిన కారణము కొట్టివేయదగినది కాదు: ప్రతి ఉబుంటు వెర్షనుకును బ్రౌజరును వేర్వేఱుగ కట్టుట మిక్కిలి శ్రమ, ఒక్క స్నాపు ప్యాకేజి అన్నింటికిని సరిపోవును. కాని వాడుకరి ఆప్ట్‌తో మాటలాడుచున్నానని తలచుచుండగ, జవాబు మఱియొక దుకాణమునుండి వచ్చుట సమ్మతి లేని బదిలీయే. లినక్సు మింట్ వారు 2020 జూనులో వెలువరించిన 20వ వెర్షనులో స్నాప్‌డీని స్థాపింపనీయని నోస్నాప్ అను చిన్న ఫైలును ముందుగనే ఉంచి తమ అభిప్రాయమును చెప్పిరి. కాదనదగిన రికమెండ్స్ వంద యున్నను సహింపవచ్చును. కాదనుటకు తావే యియ్యని ఇట్టి బదిలీ ఒక్కటియైనను ఆక్షేపణీయమని ఈ వ్యాసకర్త మతము.

దీనికి విపర్యయముగ, కోరినది తేబోయి ఉన్నదానిని తీసివేయు వైపరీత్యమును కలదు. 2021 నవంబరులో కెనడాకు చెందిన యూట్యూబరు లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అను కూర్పులో స్టీమ్ ఆటల ప్రోగ్రామును స్థాపింపబూనగ, లైబ్రరీల వెర్షనులు పొసగక ఆప్ట్ కనుగొన్న పరిష్కారము డెస్కుటాపును తొలగించుటయే అయ్యెను. ప్రమాదమని హెచ్చరించి, ఔను, నేను చెప్పినట్లు చేయుమను అర్థమిచ్చు వాక్యమును టైపు చేయుమని అది కోరెను; అతడు చేసెను; తెర నల్లబడెను. కొలది దినములకే ఆప్ట్ నిర్వాహకులు ఆ వాక్యముతో వ్యవస్థను కూల్చుకొను సౌకర్యమును తొలగించిరి. హెచ్చరిక లోపము కాదది. దినమునకు పదిమార్లు వై నొక్కుటకు అలవాటుపడిన వ్రేళ్ళకు పదునొకండవ ప్రశ్న వేఱని తెలియదు.

భద్రత దృష్ట్యా అన్నింటికన్న గొప్ప పాఠమైనది 2024 మార్చి 29న బయటపడినది. దూరమునుండి సర్వరులలో ప్రవేశించుటకు వాడు ఎస్ఎస్‌హెచ్ లాగిను అరసెకను ఆలస్యమగుచున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజినీరు గమనించి, కారణము వెదకుచు పోయి, ఫైళ్ళను కుదించు ఎక్స్‌జెడ్ ప్యాకేజి 5.6.0, 5.6.1 వెర్షనులలో దాచియుంచిన దొంగద్వారమును కనుగొనెను. జియా టాన్ అను పేరుతో ఒకరు సంవత్సరములుగ నమ్మకమును సంపాదించి ఆ పని చేసియుండిరి. విచిత్రమేమన్న, ఎస్ఎస్‌హెచ్ సర్వరునకు ఎక్స్‌జెడ్‌తో పనియే లేదు. డెబియన్, ఫెడోరా మొదలగువారు ఆ సర్వరు తాను సిద్ధమైనట్లు సిస్టమ్‌డీకి కబురంపుటకై లిబ్‌సిస్టమ్‌డీ లైబ్రరీని దానికి జోడించిరి; లిబ్‌సిస్టమ్‌డీ, చిట్టాలను కుదించుటకై, ఎక్స్‌జెడ్ వారి లిబ్‌ఎల్‌జెడ్ఎంఏను వెంటబెట్టుకొని వచ్చెను. పెండ్లివారు పిలువని చుట్టము చుట్టరికపు చుట్టరికముతో పందిటిలోనికి వచ్చినట్లు దొంగ లోపలికి చేరెను. డెబియన్ టెస్టింగు, ఫెడోరా 40 బీటా వంటి ప్రయోగ కూర్పులలోనే ఆ వెర్షనులు చిక్కుటచే స్థిరమైన వ్యవస్థలు తప్పించుకొన్నవి. అదే సంవత్సరము జూలైలో వెలువడిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8, సిస్టమ్‌డీకి కబురంపు పనిని ఏ లైబ్రరీ సాయమును లేకయే తానే చేయ నేర్చినది. ఆ పని కొలది పంక్తుల కోడు మాత్రమే.

ప్రతిక్రియలు పెక్కు కలవు గాని అన్నియు ఒకే ఫలమునియ్యవు. ఏ ప్యాకేజి ఎందులకు వచ్చినదో తెలిసికొనుటకు ఆప్టిట్యూడ్ అను సాధనములోని why (ఏల) అను ఆదేశము శ్రేష్ఠము. అది కోరిన ప్యాకేజినుండి కోరని ప్యాకేజివఱకు గొలుసును కడియము కడియముగ చూపును. ఏమి జరుగునో ముందుగ చూచుటకు ఆప్ట్‌లో అనుకరణ పద్ధతి కలదు. ఆప్ట్-గెట్‌లోని అప్‌గ్రేడు ఆదేశము క్రొత్త ప్యాకేజీలను తేదు, ఉన్నవానిని తీయదు. ఆప్ట్ అను క్రొత్త ఆదేశములోని అప్‌గ్రేడు క్రొత్తవానిని తెచ్చును గాని తీయదు. ఫుల్-అప్‌గ్రేడు రెండును చేయును. ఈ భేదమెఱిగినవారు అరుదు. అనవసరములను ఊడ్చు ఆటోరిమూవ్ పైకి కనబడునంత నిర్దాక్షిణ్యము కాదు: స్థాపితమైన ఏదో యొక ప్యాకేజి సజెస్ట్స్ మాత్రముగ పేర్కొన్నను చాలు, ఆ వస్తువును అది ముట్టదు. అందుచేతనే పాత ల్యాబు యంత్రములలో ఎవరికిని చెందని ప్యాకేజీలు ఏండ్ల తరబడి నిలిచియుండును.

రికమెండ్స్‌ను మొత్తముగ ఆపివేయు సెట్టింగు ఒక్క పంక్తిలో పూర్తియగును గనుక సీనియర్లు జూనియర్లకు మొదట నేర్పునది అదియే. డేటా మిగులును, నిజమే. కాని భాషా టాస్కులలోని ప్యాకేజీలలో అధికాంశము రికమెండ్స్ తరగతికే చెందినవి. ఆ సెట్టింగు పెట్టిన పిదప తెలుగు టాస్కును కోరినచో పేరు మాత్రము వచ్చి, లోపలి సరుకు రాకపోవుటకు అవకాశమెక్కువ. అట్టి యంత్రమున ఫాంట్లను, కీబోర్డును, ఫైర్‌ఫాక్సు తెలుగు ప్యాకును విడివిడిగ పేరుపెట్టి కోరవలెను. మొత్తముగ ఆపుటకన్న, వలదనుకొన్న ప్యాకేజికి మింట్ వారివలె పిన్ను ఫైలులో ఋణప్రాధాన్యము నిచ్చి దానినొక్కదానిని అడ్డగించుట వివేకము. డిపెండ్స్ మెట్టునందే కూర్చున్నదానిని తప్పించుకొనవలెనన్న ఈక్వివ్స్ అను సాధనముతో అదే పేరుగల వట్టి ప్యాకేజిని కల్పించి ఆప్ట్‌ను తృప్తిపఱుపవచ్చును. అది అనుభవజ్ఞుల పని. ల్యాబులో ముప్పది నలువది యంత్రములున్న కళాశాలకు వీనికన్న తక్షణోపకారియైనది ఆప్ట్-కాషర్-ఎన్‌జీ. ల్యాబులోని ఒక కంప్యూటరున దానిని నిలిపినచో మొదటి యంత్రము దింపుకొన్న ప్యాకేజీలను అది దాచియుంచి తక్కినవానికి లోపలి నెట్‌వర్కుపైననే అందించును. అప్పుడు కోరనివి సైతము కళాశాల నెట్టు కనెక్షనుపై ఒక్కమాఱు మాత్రమే దిగును.